మొక్కల అక్వేరియంలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఇవ్వాలి?

ప్రశ్న (అనంతపురం): మా వంద లీటర్ల తొట్టికి సెకనుకు రెండు బుడగల చొప్పున, రాత్రీ పగలూ ఆపకుండా కార్బన్ డయాక్సైడ్ ఇస్తున్నాను. మొక్కలు ఏపుగానే ఉన్నాయి గానీ, తెల్లవారేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు (కర్నూలు): ముందు రాత్రి సరఫరా ఆపండి. వెలుతురు లేనప్పుడు మొక్కలు ఆ వాయువును వాడుకోవు సరికదా, తామే ఆక్సిజన్ పీల్చుకుని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయి. సోలినాయిడ్ వాల్వును (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వు) టైమరుకు తగిలించి, లైట్లు వెలగడానికి గంట, రెండు గంటల ముందు తెరుచుకునేలా, ఆరడానికి గంట ముందు మూసుకునేలా పెట్టుకోండి. మన ఎండలకు వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ నిలిచేదే తక్కువ కాబట్టి, రాత్రిపూట ఎయిర్ పంపు కూడా నడపండి.

జవాబు (కడప): బుడగల లెక్కను నమ్మకండి, బుడగలు లెక్కపెట్టే ఒక్కో కౌంటరులో బుడగ ఒక్కో సైజులో ఉంటుంది. డ్రాప్ చెకరులో (నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను రంగుతో చూపే చిన్న బుడ్డి) 4 డీకేహెచ్ ద్రావణం, అంటే కార్బొనేట్ క్షారత 4 డిగ్రీలున్న ద్రావణం పోస్తే ఆకుపచ్చ దాదాపు 30 పీపీఎంను (లీటరుకు 30 మిల్లీగ్రాములు), పసుపు ఎక్కువైందని, నీలం చాలలేదని చూపుతుంది. నేను మొదట్లో అందులో మా బోరు నీళ్లే పోసి, వాటి క్షారత ఎక్కువని తెలియక, నీలం ఎంతకీ మారలేదని వాల్వు తిప్పుతూ పోయి నాలుగు చేపలను పోగొట్టుకున్నాను.

అనంతపురం: నేనూ బోరు నీళ్లే పోశానండీ! ఈ రోజే మారుస్తాను.

కడప: మార్చాక రంగు తేలడానికి గంటో రెండు గంటలో ఆగండి, అంతవరకు వాల్వు ముట్టుకోకండి.