ఛాంబర్‌లో జాయింట్ బాక్సులోకి నీళ్లు దిగుతున్నాయి, ఎట్లా ఆపాలి?

నర్సంపేట_నెట్:
అన్నలూ, మాది నర్సంపేట వైపు చిన్న ఇంటర్నెట్ లైను. రోడ్డు పక్క ఛాంబర్‌లో, అంటే కేబుళ్ల గుంతలో, 24 కోర్ ఫైబర్ జాయింట్ ఉంది, టోపీలా మూత ఉండే డోమ్ బాక్సు. వాన గట్టిగా పడితే ఛాంబర్ నిండిపోతుంది, ఆ తర్వాత ఊళ్ల నుంచి ఫోన్లే ఫోన్లు. నిన్న విప్పితే లోపల ఫైబర్లు సర్దే ట్రేల మీద బురద. పిల్లలు కేబుల్ దూరే చోట సిలికాన్ పెట్టి నల్ల టేపు బాగానే చుట్టారు మరి. బాక్సే మార్చాలా?

కాజీపేట_స్ప్లైసర్:
బాక్సు జోలికి పోకు తమ్మీ. కేబుల్ పైతొడుగు పాలిథిలీన్, దానికి సిలికాన్ సరిగ్గా అంటదు, ఆరినాక గోరుతో లాగితే ఊడి చేతికొస్తుంది. నల్ల టేపు కరెంటు పనికే, నీళ్లు ఆపడానికి కాదు. కేబుల్ దూరే పోర్టుకు హీట్ ష్రింక్ స్లీవ్ వెయ్యి, అంటే వేడికి ముడుచుకునే, లోపల జిగురున్న తొడుగు. ముందు కేబుల్ మీది జెల్లీ, మట్టి ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి ఎమరీ పేపర్‌తో చుట్టూ రుద్దు, పొడవునా రుద్దితే ఆ గీతల వెంబడే నీళ్లు లోపలికి పోతాయి. వేడి పోర్టు దగ్గర మొదలుపెట్టి కేబుల్ వైపు తీసుకురా, చివర్న జిగురు చుట్టూ బయటికి కనబడాలి. ఒకే పోర్టులో రెండు కేబుళ్లుంటే మధ్యలో స్లీవ్‌ను నొక్కిపట్టే బ్రాంచ్ క్లిప్పు తప్పనిసరి, చాలామంది ఎగ్గొట్టేది అదే.

పరకాల_జాయింటర్:
పాత రాగి కేబుళ్లకైతే స్లీవ్ మీది ఆకుపచ్చ చుక్కలు రంగు మారేదాకా మంట చూపేవాళ్లం, అంత ఓపిక ఇప్పుడెవరికుంది. మంట వద్దనుకుంటే రబ్బరు గాస్కెట్, మెత్తటి బంక లాంటి మాస్టిక్ టేపుతో బిగించే మెకానికల్ రకం తీసుకో, మళ్లీ విప్పడం సులువు. కాకపోతే గాస్కెట్ కింద ఇసుక రేణువున్నా లీకే, వాడని పోర్టులకు ప్లగ్గులు పెట్టాలి. ఏ రకమైనా వాల్వు ఉంటే 5 పీఎస్ఐ దాకా గాలి కొట్టి సబ్బునీళ్లు పూసి చూడు. బుడగలు రాకపోతేనే గాలి వదిలేసి కిందికి దించు.

నర్సంపేట_నెట్:
థాంక్స్ అన్నా. తడిసిన స్ప్లైసులన్నీ, అంటే ఫైబర్ అతుకులన్నీ, మళ్లీ కొట్టాలా? అసలు బాక్సు స్తంభానికే కడదామంటే మా దగ్గర కోతులు కేబుల్ పట్టుకుని ఊగుతున్నాయి.

కాజీపేట_స్ప్లైసర్:
అన్నీ కొట్టకు. ఫైబర్‌లోకి లైటు పంపి లాస్ ఎక్కడుందో చూపే ఓటీడీఆర్ మిషన్‌లో 1310, 1550 నానోమీటర్ల లైటు రెండూ చూడు. 1550లోనే లాస్ ఎక్కువుంటే ట్రేలో ఫైబర్ ఎక్కడో వంగినట్టు, సర్దితే చాలు. రెండిట్లో ఒకేలా ఉంటే స్ప్లైసే పోయింది, అవి మాత్రం కొట్టు. బాక్సు ఛాంబర్‌లోనే ఉండనీ, కానీ అడుగున పడేయకుండా గోడకు బ్రాకెట్ కొట్టి పైన కట్టు.