జలుబు మాత్ర రాత్రి వేసుకుంటే పొద్దున బండి నడపొచ్చా?

ప్రశ్న: తుమ్ములకు రాత్రి పది గంటలకు క్లోర్‌ఫెనిరమిన్ 4 మి.గ్రా. వేసుకుని, ఉదయం ఆరింటికి లారీ తీయాలి. నిద్రతో మందు ప్రభావం పోతుందా?

జవాబు 1: పూర్తిగా పోదు. పెద్దవాళ్లలో ఈ మందు సగానికి తగ్గడానికే సుమారు 20 గంటలు పట్టొచ్చు. మెదడులో మెలకువను నిలిపే హిస్టమిన్‌ను ఇది అడ్డుకుంటుంది. దాంతో బ్రేక్ మీద కాలు పడటం ఆలస్యమవుతుంది, బండి రోడ్డు గీతల మధ్య నిలవదు. అసలు ప్రమాదం ఏమిటంటే, మత్తుగా అనిపించకపోయినా చురుకు తగ్గి ఉండొచ్చు. 2000లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం సిమ్యులేటర్ (నిజం బండిలాగే నడిపించే యంత్రం) పరీక్షలో ఇదే కోవకు చెందిన డైఫెన్‌హైడ్రమిన్ 50 మి.గ్రా. తీసుకున్నవాళ్లు, తాము మద్యం తాగినప్పటికంటే అధ్వానంగా నడిపారు. ఎంత నిద్ర వస్తోందో వాళ్లు చెప్పినదాన్ని బట్టి ఎలా నడుపుతారో పరిశోధకులు అంచనా వేయలేకపోయారు. కాబట్టి "నాకేం కాలేదు" అన్న ధీమా పనికిరాదు.

జవాబు 2: తుమ్ములకే వాడే, మత్తు తక్కువగా ఉండే ఫెక్సోఫెనడిన్ 120 మి.గ్రా. మాత్ర గురించి డాక్టర్‌ని అడగండి. అది మెదడులోకి దాదాపు వెళ్లదు. మంచినీళ్లతోనే మింగాలి, బత్తాయి, యాపిల్ రసాలతో వేసుకుంటే ఒంటికి పట్టేది బాగా తగ్గుతుంది. గ్యాస్ మందుకూ దీనికీ రెండు గంటల ఎడం ఉంచండి. కిడ్నీ జబ్బుంటే ముందే చెప్పండి.

జవాబు 3: సెట్రిజిన్ కూడా కొందరికి మత్తునిస్తుంది. కొత్త మాత్ర ఏదైనా మొదటిసారి సెలవు రోజునే వేసుకోండి. జలుబు మాత్రల అట్ట వెనక "సీపీఎం" అనే పొట్టి పేరు లేదా "క్లోర్‌ఫెనిరమిన్" ఉందేమో చూడండి, చాలావాటిలో కలిపే ఉంటుంది. మాత్ర వేసుకున్న రాత్రి మద్యం ముట్టుకోవద్దు, మత్తు ఇంకా పెరుగుతుంది.