తొలి హరికేన్ కాలం: అమ్మ ఇన్సులిన్‌ను ఎలా కాపాడుకోవాలి?

ఫ్లోరిడాలోని టాంపాకు వచ్చి ఆరు నెలలైంది. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ల కాలం, మాకు ఇదే మొదటిది. మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున వారానికి సరిపడా నీళ్లు, టార్చిలైట్లు, పాస్‌పోర్టులు సర్దేశాను. అక్కడితో నా తెలివి అయిపోయింది.

అసలు బెంగ అమ్మ ఇన్సులిన్ గురించే. కరెంటు పోతే, తలుపు తీయకపోయినా ఫ్రిజ్‌లో చల్లదనం నాలుగు గంటలే ఉంటుంది. ఐస్‌పెట్టెలో పెడదామంటే, మంచుగడ్డకు ఆనుకుని గడ్డకట్టిందంటే ఆ మందు ఇక పనికిరాదు. తువ్వాలులో చుట్టి పెట్టినవారు ఎవరైనా ఉన్నారా? రోజుల తరబడి ఎలా నెట్టుకొచ్చారు?

జనరేటర్ కొందామంటే, దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువంటే మావారికి భయం. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయటే నడపాలి కదా, మరి జోరువానలో తడవకుండా ఎలా నడుపుతారు?

మాది తరలింపు జోన్ ‘ఎ’, అంటే అందరికన్నా ముందు ఖాళీ చేయాల్సింది మేమే. చేస్తాం, అందులో వాదన లేదు. కానీ ఆదేశం వచ్చాక బయలుదేరితే రోడ్డు మీదే ఇరుక్కుపోతామేమో! అమ్మ ఎక్కువసేపు కారులో కూర్చోలేదు. పెద్దవాళ్లతో వెళ్లినవారు ఎన్ని రోజుల ముందే కదిలారో చెప్పండి.