కొత్తగా దిగినవాళ్ల నిద్రా, పాత పేట సంగీతమా? డీసీ గోగో మీద చర్చ

సుధారాణి_డీసీ:
మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సంతకాల కోసం ఒక కాగితం తిరుగుతోంది. పక్క సందులోని బార్ లిక్కర్ లైసెన్స్ రెన్యువల్‌కి వచ్చిందట. శనివారం రాత్రుళ్లు అక్కడ గోగో బ్యాండ్ వాయిస్తుంది కాబట్టి అందరం కలిసి అభ్యంతరం పెడదామంటున్నారు. మన తెలుగువాళ్లు కొందరు సంతకం పెట్టేశారు. నేను పెట్టనన్నాను. ఎందుకో చెబుతాను, కాదనేవాళ్లు కాదనండి.

గోగో అంటే వాషింగ్టన్ డీసీ నల్లవాళ్ల డ్యాన్స్ సంగీతం. 1970లలో చక్ బ్రౌన్ అనే గిటారిస్టు, జనం ఫ్లోర్ దిగి కుర్చీల్లోకి వెళ్లిపోకూడదని, పాటకీ పాటకీ మధ్య కూడా దరువు ఆపకుండా వాయింపించడం మొదలుపెట్టాడు. పాట అయిపోయినా కాంగాలు (చేత్తో వాయించే పొడవాటి డ్రమ్ములు), కౌబెల్ (కర్రతో కొట్టే లోహపు గంట) నడుస్తూనే ఉంటాయి. ఆ దరువు మీద మైకు పట్టుకున్న మనిషి, లీడ్ టాకర్ అంటారు, ఎదురుగా ఉన్నవాళ్లను పేరుపేరునా పిలుస్తాడు. ఫలానా వీధివాళ్లు వచ్చారా, ఇవాళ ఎవరి పుట్టినరోజు అని అడుగుతాడు, జనం తిరిగి అరుస్తారు. పిలవడానికి ఆ వీధివాళ్లు ఊళ్లో లేకపోతే ఈ సంగీతంలో సగం పోయినట్టే. అందుకే జెంట్రిఫికేషన్ దెబ్బ, అంటే డబ్బున్న కొత్తవాళ్లు దిగి అద్దెలు పెరిగి పాతవాళ్లు పేట వదిలిపోవడం, దీనికి మామూలుగా తగల్లేదు. 1970లో డీసీ జనాభాలో నల్లవాళ్లు 70 శాతం పైనే. 2011 నాటికి జనాభాలో సుమారు సగం మందే మిగిలారు.

2019 ఏప్రిల్‌లో జరిగింది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. షా పేటలో సెవెంత్ స్ట్రీట్, ఫ్లోరిడా అవెన్యూ కలిసే మూలన ఒక సెల్‌ఫోన్ల షాపుండేది. 1990ల నుంచి దాని ఓనరు బయట స్పీకర్లు పెట్టి గోగో వేస్తుండేవాడు. దగ్గర్లో కొత్తగా లేచిన ఖరీదైన అపార్ట్‌మెంట్ల నుంచి ఫిర్యాదు వెళ్లింది, ఫోన్ కంపెనీ పాటలు ఆపించింది. "డోంట్ మ్యూట్ డీసీ" (డీసీ గొంతు నొక్కొద్దు) అంటూ జనం వీధిలోకి వచ్చి బ్యాండ్లు పెట్టి మరీ వాయించారు. గోగో కార్యకర్త రాన్ మోటెన్, ప్రొఫెసర్ నటాలీ హాప్‌కిన్‌సన్ నడిపిన పిటిషన్‌కి 80,000కి పైగా సంతకాలు వచ్చాయి. కొద్ది రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ మూలన సెవెంత్ స్ట్రీట్‌కి 2009లోనే చక్ బ్రౌన్ పేరు పెట్టారు. ఆయన పేరున్న వీధిలో ఆయన సంగీతాన్ని ఆపించారన్నమాట!

నా ప్రశ్న ఒక్కటే. ఒక చోటు ఎలా ఉంటుందో చూసుకునే అద్దెకు దిగినవాళ్లకి, ఆ చోటును ఆపే హక్కు ఉండాలా?

అనిల్_ఆష్‌బర్న్:
సుధ గారూ, గోగో మీద మీకున్న ప్రేమ అర్థమైంది. కానీ మీరు సగమే చెప్పారు. శబ్దానికి చట్టం ఉంది, అది నల్లవాళ్లకైనా తెల్లవాళ్లకైనా ఒకటే. చంటిపిల్ల ఉన్న తల్లి రాత్రి ఒంటిగంటకి బాస్ (గోడలదిరే కింది స్వరాల మోత) ఆపమంటే అది జాతి వివక్ష అవుతుందా? గోగో క్లబ్బులన్నీ కొత్తవాళ్ల వల్లే మూతపడలేదు. ఫోర్టీన్త్, యూ స్ట్రీట్ల దగ్గర సిటీ వాళ్ల సొంత బిల్డింగులోనే క్లబ్ యు నడిచేది. 2005లో అక్కడ ఒకతను కత్తిపోటుకి చనిపోయాక లైసెన్స్ పోయింది. ఆ చావు నిజమే కదా. ఇంకోటి, ఆ పేటల్లో సొంతిళ్లున్న నల్ల కుటుంబాలు చాలా మంచి ధరకి అమ్ముకుని, మేరీలాండ్‌లో పెద్ద ఇళ్లు కొనుక్కున్నాయి. వాళ్లు నష్టపోయారని మనమెలా అంటాం?

శేఖర్_నల్గొండ:
అమ్ముకున్నవాళ్ల సంగతి సరే అనిల్ భాయ్, అద్దెకున్నవాళ్ల సంగతేంది? షాపులు, క్లబ్బులు దాదాపు అన్నీ అద్దెవే. ధర పెరిగితే లాభం గోడలున్నోడికి, లోపల వాయించేటోడికి ఒక్క డాలర్ రాదు.

యూ స్ట్రీట్ చరిత్ర కూడా చూడాలె. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపినంక ఆ వీధులు తగలబడ్డయి. తర్వాత ఏండ్లకేండ్లు ఎవ్వడూ పెట్టుబడి పెట్టలె. మెట్రో గ్రీన్ లైన్ కోసం రోడ్డంతా తవ్వితే ఉన్న కొద్ది దుకాణాలకి గిరాకీ పోయింది. స్టేషన్ తెరిచింది 1991 సంవత్సరంల. ఆ కష్టకాలమంతా అక్కడ నిలబడి పేటను బతికించినోళ్లే, మంచిరోజులొచ్చే సరికి కిరాయి కట్టలేక వెళ్లిపోయిన్రు. నాకు కోపం తెప్పించేది ఇదే.

అనిల్_ఆష్‌బర్న్:
కిరాయి పెరగడం ఒకరి కుట్ర కాదు శేఖర్. మెట్రో వస్తే పెరుగుతుంది. మెట్రో వద్దనగలమా?

సుధారాణి_డీసీ:
మెట్రో వద్దని ఎవరూ అనట్లేదు. చట్టం అందరికీ ఒకటే అన్నారు చూడండి, దానికి జవాబు చెబుతాను. డీసీ పోలీసులు ఎక్కడెక్కడ గోగో షోలు ఉన్నాయో "గోగో రిపోర్ట్" అని జాబితా తయారుచేసుకునేవాళ్లు. 2010లో ఆ సంగతి పేపర్లో బయటికొచ్చింది. క్లబ్ యు లో జరిగింది ఘోరమే, నేను కాదనను. కానీ కత్తి పట్టుకొచ్చినవాడి మీద కేసు పెట్టడం వేరు, ఒక రకం సంగీతం వాయించే ప్రతి చోటునీ అనుమానించడం వేరు. బ్యాండ్లు సరిహద్దు దాటి మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీకి వెళ్తే, 2011లో ఆ కౌంటీ కూడా డ్యాన్స్ హాళ్ల మీద కఠినమైన చట్టం తెచ్చింది.

ఇక లిక్కర్ లైసెన్స్. క్లబ్బుకి వచ్చే డబ్బు టికెట్లలో కంటే బార్ అమ్మకాల్లోనే ఎక్కువ. లైసెన్స్ పోతే షో పోయినట్టే. చుట్టుపక్కల ఓ ఐదుగురు కలిసి అభ్యంతరం రాస్తే చాలు, ఓనరు విచారణలకు తిరగాలి, లాయర్‌ని పెట్టుకోవాలి. ఆ ఖర్చు భరించలేక "సెటిల్‌మెంట్ అగ్రిమెంట్" మీద సంతకం పెడతాడు. అందులో లైవ్ మ్యూజిక్ ఇన్నింటికల్లా ఆపాలి, ఇన్ని రోజులే ఉండాలి అని రాసుంటుంది. క్లబ్ మూయమని ఎవరూ అనలేదు, కానీ సంగీతం పోయింది. మా గ్రూపులో తిరిగే కాగితం అలాంటిదే. సంతకం పెట్టినవాళ్లలో చాలామందికి అది ఏం చేస్తుందో కూడా తెలీదు.

వసంత_లండన్:
మా దగ్గరా ఇదే కథ. ఇక్కడి పోలీసులు 2005లో "ఫారం 696" తెచ్చారు. షో పెట్టాలంటే అది నింపాలి. మొదట్లో దాంట్లో ఎలాంటి సంగీతం, ఏ జాతి జనం వస్తారు అని కూడా అడిగేవాళ్లు. గ్రైమ్ (లండన్‌లో పుట్టిన ర్యాప్ లాంటి సంగీతం) వాయించే నల్ల కుర్రాళ్ల షోలే ఎక్కువగా రద్దయ్యాయి. 2017లో గానీ ఆ ఫారం తీసేయలేదు.

అనిల్ గారు అడిగిన చంటిపిల్ల ప్రశ్నకి ఇక్కడో దారి దొరికింది. "ఏజెంట్ ఆఫ్ చేంజ్" అంటారు. ముందు నుంచీ క్లబ్ ఉన్న చోట కొత్తగా ఇళ్లు కట్టేవాడే సౌండ్‌ప్రూఫింగ్ చేయించాలి, ఆ భారం క్లబ్ మీద పడకూడదు. ఇంగ్లండ్ ప్లానింగ్ నిబంధనల్లోకి ఇది 2018లో వచ్చింది. దానికి ముందే మినిస్ట్రీ ఆఫ్ సౌండ్ క్లబ్ ఎదురుగా టవర్ కడతామంటే పెద్ద పోరాటమే నడిచింది. చివరికి 2014లో ఒప్పందమైంది. ఆ ఫ్లాట్లు కొనేవాళ్లు క్లబ్ శబ్దాన్ని ఒప్పుకున్నట్టు పత్రంలోనే ఉంటుంది. బాస్‌ని మామూలు కిటికీ అద్దం ఆపలేదు. గోడలు కట్టేటప్పుడే చూసుకోవాలి, తర్వాత చేయిస్తే తడిసిమోపెడవుతుంది.

అనిల్_ఆష్‌బర్న్:
ఇది నాకు నచ్చింది, ఒప్పుకుంటున్నాను. కానీ వసంత గారూ, మినిస్ట్రీ ఆఫ్ సౌండ్‌కి లాయర్లను పెట్టుకునే స్తోమత ఉంది. వంద మంది పట్టే చిన్న బార్‌కి ఉందా? అద్దె రెట్టింపైతే ఈ నిబంధన ఏం కాపాడుతుంది?

శేఖర్_నల్గొండ:
అద్దెను కాపాడదు, ఆ మాట నిజం. షికాగో చూడండి. 206 సౌత్ జెఫర్సన్ వీధిలో ది వేర్‌హౌస్ అని క్లబ్ ఉండె. 1977 నుంచి అక్కడ ఫ్రాంకీ నకుల్స్ అనే డీజే రికార్డులు తిప్పేటోడు. వచ్చేది ఎక్కువగా నల్ల, లాటినో గే కుర్రాళ్లు, బయట ఎక్కడా వాళ్లకి చోటు లేదు. హౌస్ మ్యూజిక్ అనే డ్యాన్స్ సంగీతానికి ఆ పేరొచ్చింది ఈ క్లబ్ నుంచే. ఇప్పుడు ఆ చుట్టుపక్కలంతా ఖరీదైన ఆఫీసులు, కాండోలు. 2023 సంవత్సరంల సిటీ ఆ బిల్డింగుని చారిత్రక కట్టడం చేసింది. చేయాల్సిందే, సంతోషమే. కానీ క్లబ్ అక్కడ నలభై ఏండ్లుగా లేదు, గోడలే మిగిలినయి. డీసీ గూడా అంతే. 2020 సంవత్సరంల మేయర్ బౌసర్ సంతకం పెట్టి గోగోని నగర అధికారిక సంగీతం చేసిన్రు. బ్యారీ ఫార్మ్ కాలనీల 1980ల పిల్లలు బకెట్లు, డబ్బాలు కొట్టుకుంటూ జంక్ యార్డ్ బ్యాండ్ మొదలుపెట్టిన్రు. ఆ కాలనీని మాత్రం కూలగొట్టిన్రు, కొన్ని బిల్డింగులే గుర్తుగా ఉంచిన్రు.

బిరుదు ఇచ్చేముందు రిహార్సల్‌కి ఒక గది, పదేండ్ల లీజు ఇస్తే అది నిజమైన గౌరవం. సిటీ చేతిల బిల్డింగులున్నయి, క్లబ్ యు నడిచింది గూడా అట్లాంటి దాంట్లనే. తక్కువ కిరాయికి ఇయ్యొచ్చు, లేకుంటే నడిపేటోళ్లే కొనుక్కునేటట్టు అప్పియ్యొచ్చు.

అనిల్_ఆష్‌బర్న్:
పన్ను డబ్బుతో క్లబ్బుకి లీజా? దానికి నేను ఒప్పుకోను. స్కూళ్లకే చాలట్లేదు. బిల్డర్ చేత సౌండ్‌ప్రూఫింగ్ చేయించే చట్టం వరకైతే సరే.

సుధారాణి_డీసీ:
స్టేడియాలకి ఇచ్చేటప్పుడు ఇదే పన్ను డబ్బు ఎవరికీ అడ్డు రాలేదండీ. ఆ వాదన మాత్రం ఇక్కడితో తేలేది కాదు.

మా సంగతికొస్తే, కాగితం తిప్పుతున్న ఆవిడతో ఇవాళ మాట్లాడాను. ఆవిడ పడగ్గది కిటికీ సరిగ్గా బార్ వెనక తలుపు వైపే ఉంది. బ్యాండ్ వాళ్లు సామాను దించేటప్పుడు ఆ తలుపు తెరిచే ఉంచుతారట, అసలు గోల అదీ. లైసెన్స్ మీద అభ్యంతరం పెట్టకుండా, ముందు ఓనరుతో ఆ తలుపు గురించి మాట్లాడదాం, మన కిటికీల సంగతి మన బిల్డింగ్ మేనేజ్‌మెంట్‌ని అడుగుదాం అన్నాను. ఆలోచిస్తానంది. వచ్చేవారం నైబర్‌హుడ్ కమిషన్ (పేట ప్రతినిధుల సంఘం) మీటింగ్‌లో ఈ రెన్యువల్ చర్చకు వస్తుంది. వెళ్తున్నాను. డీసీలో ఉండి సంతకం పెట్టిన తెలుగువాళ్లెవరైనా ఇది చదువుతుంటే మీరూ రండి. సంతకం వెనక్కి తీసుకోమని అడగను. ఒక్క శనివారం ఆ బార్‌కి నాతో వచ్చి, ఆ లీడ్ టాకర్ ఎవరిని పిలుస్తున్నాడో విని, తర్వాత మీ ఇష్టం.