దాళ్వా వరిలో మీథేన్: మోడల్ ఒక దారి, ఛాంబర్ ఒక దారి

ప్రశ్న (పరిశోధక విద్యార్థి):
భీమవరం దగ్గర దాళ్వా (రబీ) వరిలో మీథేన్ లెక్క కడుతున్నాం. నేలలోంచి వచ్చే వాయువుల్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే డీఎన్‌డీసీ మోడల్‌కి నేల, వాతావరణం, ఎరువుల వివరాలు ఇచ్చి, వారం వారం ఛాంబర్‌తో (పైరు మీద బోర్లించి వాయువు పట్టే పెట్టె) తీసిన కొలతల్ని ఎన్‌సెంబుల్ కాల్మన్ ఫిల్టర్‌తో అందులో కలుపుతున్నాం. అంటే మోడల్‌ని కొద్ది తేడాలతో చాలాసార్లు నడిపి (ఒక్కోటి ఒక రన్), కొలతలకు తగ్గట్టు దాన్ని సరిదిద్దే పద్ధతి. మీథేన్ తయారీ రేటును ఫిల్టర్ ఒక వారం పెంచుతోంది, మరో వారం సగానికి దించేస్తోంది. రిపోర్టు గడువు దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఎన్‌సెంబుల్‌లో రన్‌ల సంఖ్య పెంచాలా?

జవాబు 1 (వరి పొలాల్లో వాయువులు కొలిచే వ్యక్తిని):
పెంచినా తీరదండి. మడిలో నీరు ఎప్పుడు ఉందో, ఎప్పుడు లేదో మోడల్‌కి ఎలా చెప్పారు?

విద్యార్థి:
నాట్ల నుంచి కోతకు రెండు వారాల ముందు దాకా నిలవ నీరు అని ఇచ్చామండి.

జవాబు 1:
తేడా అక్కడే ఉంది. దాళ్వాలో కాలువ నీరు వంతులవారీగా వస్తుంది. వంతుల మధ్య మడి ఆరి, నేలలోకి గాలి దిగుతుంది. మీథేన్ పుట్టాలంటే నేల రెడాక్స్ (నేలలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ కిందికి పడే వోల్టేజీ) సుమారు మైనస్ 150 మిల్లీవోల్టులకు పడిపోవాలి. మళ్ళీ నీరు కట్టగానే అంత కిందికి రాదు, రోజులు పడుతుంది. ఈ ఎండు సంగతి మీ మోడల్‌కి తెలియదు. కొలత తక్కువ వచ్చేసరికి ఫిల్టర్ ఆ తప్పును మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవుల మీదికి తోసి, వాటి రేటును మారుస్తోంది.

రేటును కదలనివ్వకండి. ఒక్కో రన్‌కి నీరు కట్టిన తేదీలు, తీసిన తేదీలు కాస్త అటూ ఇటూ మార్చి ఇవ్వండి, కొలతలతో వాటినే సరిదిద్దండి. ఐపీసీసీ (ఐరాస వాతావరణ నిపుణుల సంఘం) లెక్క పద్ధతుల 2019 సవరణలో నిలవ నీటికి మీథేన్ గుణకం 1 అయితే, పలుమార్లు ఆరబెట్టిన మడికి 0.55. అంటే నీటి దగ్గరే దాదాపు సగం లెక్క మారిపోతుంది. నీటి తేదీలు లేని మీథేన్ అంకెను నేను నమ్మను. రేపు రైతుకు వాయువులు తగ్గించినందుకు కార్బన్ క్రెడిట్ డబ్బులు కట్టేది ఆ అంకె మీదే కదా!

ఇంకొకటి. నీరు తీసిన వెంటనే మట్టిలో చిక్కుకున్న మీథేన్ ఒక్కసారిగా బయటికి వస్తుంది. ఆ రోజు కొలిస్తే చాలా ఎక్కువ చూపిస్తుంది, దాన్ని వారమంతటికీ అంటగట్టకండి.

జవాబు 2:
తేదీలకు సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్ చూడండి, మబ్బులు అడ్డం రావు. పైరు కమ్ముకున్నాక మాత్రం కింద నీరు సరిగా పట్టుబడదు. అప్పటికి నీటి మట్టం చూడడానికి మడిలో దించే బెజ్జాల పైపులే గతి.

జవాబు 3:
నైట్రస్ ఆక్సైడ్ వదిలేయకండి. యూరియా వేశాక మడి ఆరితే అది పెరుగుతుంది. వందేళ్ళ లెక్కలో దాని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కి 273 రెట్లు, వరి మీథేన్‌ది 27 రెట్లు.

విద్యార్థి:
పైపు గట్టు పక్కన పెట్టొచ్చా అండి?

జవాబు 1:
వద్దు. గట్టుకి కనీసం మీటరు లోపలికి, మడి చదునుగా ఉన్న చోట దించండి.