భార్యపై నిఘా పెట్టించి విడాకులు కోరడం సబబేనా?

తిరుచానూరు సభ్యుడు: మా పెదనాన్నగారి అబ్బాయికి భార్య మీద అనుమానం కలిగింది. రుజువులు లేకుండా కోర్టుకెక్కలేం కనుక డిటెక్టివును పెట్టుకోవాలని, అవసరమైతే ఆరేళ్ల బాబుకు డీఎన్ఏ పరీక్ష అడగాలని అంటున్నాడు. అందులో నాకు తప్పేమీ కనిపించడం లేదు. పెద్దలేమంటారు?

చిత్తూరు న్యాయవాది: పెళ్లయ్యాక మరొకరితో ఇష్టపూర్వకంగా శారీరక సంబంధం పెట్టుకోవడం 1955 నాటి హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద విడాకులకు కారణమే. 2018లో సుప్రీంకోర్టు భారతీయ శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్‌ను కొట్టివేయడంతో అది నేరం కాకుండా పోయినా, విడాకులకు కారణంగా ఇప్పటికీ నిలిచే ఉంది. చిక్కంతా రుజువు దగ్గరే వస్తుంది. డిటెక్టివు తెచ్చేది, ఆమె ఎవరి బండి వెనుకో కూర్చుని అలిపిరి వైపు వెళ్తున్న ఫోటో, లేదా తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఎవరితోనో కాఫీ తాగుతున్న ఫోటో. "ఆయన ఈమెతోపాటు పనిచేసే ఉద్యోగి అని మీకు తెలుసా?" అని అవతలి వకీలు అడిగితే ఆ ఫోటో విలువ అక్కడే సగం పడిపోతుంది. పైగా, నిరూపించలేని అక్రమ సంబంధపు నిందను కోర్టుకిచ్చే కాగితంలో రాయడమే మానసిక క్రూరత్వమని సుప్రీంకోర్టు 2003లో చెప్పింది కనుక, అదే కాగితంతో ఆమె విడాకులు కోరవచ్చు.

తిరుచానూరు సభ్యుడు: భార్యకు తెలియకుండా రికార్డు చేసిన ఫోన్ మాటలను సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది కదండీ? మోసపోయినవాడు ఇంకేం చేయాలి?

చిత్తూరు న్యాయవాది: ఆ తీర్పులోని మాటలు భార్యాభర్తలు తమలో తాము మాట్లాడుకున్నవి. ఆమె ఫోన్లో రహస్యంగా యాప్ వేసి ఇతరులతో ఆమె సాగించిన సంభాషణలను లాగితే, మీ అన్నగారు ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం కింద ముద్దాయి కావచ్చు. కోర్టు ఒక సాక్ష్యాన్ని స్వీకరించినంత మాత్రాన నమ్మినట్లు కాదు. మోసపోయినవారి బాధను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఆ బాబును ఇందులోకి లాగడం నాకు సమ్మతం కాదు. భార్య తప్పును రుజువు చేయడానికి బిడ్డకు డీఎన్ఏ పరీక్షను మామూలుగా ఆదేశించకూడదని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది. కలిసి బతకలేమని ఇద్దరూ అనుకుంటే, ఏడాది విడిగా ఉన్నాక హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో విడాకులు పొందే దారి ఉంది. అందులో ఎవరి శీలం గురించీ విచారణ ఉండదు. డిటెక్టివుకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కసారి అడగమని మీ అన్నగారితో చెప్పండి.