లంకలో రామాలయం మైకు పలకడం లేదు, ముందు ఏది చూడాలి?

ప్రశ్న (కోనసీమ నుంచి)
మాది గోదావరి వశిష్ఠ పాయలో ఉన్న చిన్న లంక. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక రాగానే, పశువులను గట్టు మీదికి తోలుకోవాలనీ, పడవ ఏ రేవు నుంచి కదులుతుందో చూసుకోవాలనీ రామాలయం మైకులోనే చెబుతాము. 13 లక్షలకు రెండో హెచ్చరిక వచ్చేలోగా ప్రతి ఇంటికీ ఆ మాట చేరాలి. అటువంటి మైకు నాలుగు రోజులుగా మూగబోయింది. ఫోనును ఆక్స్ వైరుతో కలిపితే భక్తి పాటలు చక్కగా వస్తున్నాయి కనుక ఆంప్లిఫయరులో లోపం లేదనుకుంటున్నాను. ఇది స్విచ్ ఉన్న చేతిమైకు, బ్యాటరీ ఉండదు, వైరు చివర లావుపాటి మోనో పిన్ను ఉంటుంది. మొదట్లో వైరు కదిపితే గరగరమనేది, ఇప్పుడు అదీ లేదు. కొత్తది కొనవలసిందేనా?

జవాబు 1 (పాలకొల్లు నుంచి)
ఇప్పుడే కొనకండి. పాటలు వస్తున్నాయంటే హారన్లు బాగున్నట్టే గాని, మైకు దారి బాగున్నట్టు కాదు. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే కనుక దాన్ని పెంచే భాగం ఆంప్లిఫయరులో వేరుగా ఉంటుంది. బడిలోనో చర్చిలోనో ఉన్న మైకును వైరుతో సహా అడిగి తెచ్చి, వాల్యూము పూర్తిగా తగ్గించి, మీరు వాడే సాకెట్టులోనే పెట్టి చూడండి. అది పలికితే వాళ్ళ వైరుకు మీ మైకు తగిలించండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండూ కలిపి మారిస్తే తప్పు ఎక్కడుందో తేలదు.

జవాబు 2 (అమలాపురం, మైకుసెట్ల పని)
నా అనుమానమంతా వైరు మీదే. మైకును వైరు నుంచి విడదీసి, స్విచ్ ఆన్‌లో ఉంచి, అడుగున ఉన్న మూడు పిన్నులలో 2, 3 మధ్య మల్టీమీటరుతో ఓములు చూడండి. మైకు లోపలి కాయిల్ (సన్నని తీగచుట్ట) బాగుంటే కొన్ని వందల ఓములు చూపడమే కాక, మీటరు మొనలు తగిలిన క్షణంలో జాలీలో నుంచి సన్నగా ‘టిక్’ మని వినిపిస్తుంది. ఆ చప్పుడు కోసం మైకును చెవికి ఆనించండి. ఏమీ చూపకపోతే స్విచ్ గాని, కాయిల్ గాని పోయినట్టు.
తరువాత వైరు. సాధారణంగా మోనో పిన్ను మొన 2తోను, దాని ఒళ్ళు 1, 3 రెండింటితోను కలిసి ఉంటాయి. మైకు లేకుండానే మొనకూ ఒంటికీ మధ్య మీటరు కూత పెడితే లోపల తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి. మీకు హమ్ (గుయ్యిమనే మోత) కూడా లేకుండా పూర్తి నిశ్శబ్దం ఉంటే ఇదే అయి ఉండవచ్చు. గుయ్యిమంటూ మోగితే తీగ ఏదో తెగినట్టు. పిన్ను మూత విప్పి, వైరు మెడ దగ్గరే మొదట చూడండి, ఎందుకంటే చుట్టిన ప్రతిసారీ వంగేది అక్కడే.

ప్రశ్న వేసినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. బడి మైకు మా ఆంప్లిఫయరులో పలికింది, వాళ్ళ వైరుకు మా మైకూ పలికింది. మా పిన్ను మూత విప్పితే రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, విడిపోయిన రెండు పోగులు మధ్య తీగను తాకుతూ కనిపించాయి. జానెడు వైరు కత్తిరించి, మెరిసే రాగి వచ్చేదాకా తొక్క తీసి, టంకం వేయించాము. నిన్న సాయంత్రం అవతలి రేవులో ఉన్నవారికీ మాట వినిపించింది.

జవాబు 2 (అమలాపురం)
సంతోషమండి. ఉప్పు గాలికి ఆ చిలుము మళ్ళీ పడుతుంది కనుక, వైరును మోచేతికి బిగించి చుట్టకుండా వెడల్పాటి చుట్టలుగా పెట్టి, మైకును సిలికా జెల్ పొట్లంతో మూతగల డబ్బాలో ఉంచండి. వరదల నెలల్లో వారానికోసారి పలికించి చూడండి, పక్కన మరొక వైరు సిద్ధంగా ఉంచండి.